రెండేళ్లు, ఎకరంన్నర, ఆరున్నర లక్షలు: చేతికి వచ్చింది బుట్టెడు బొప్పాయిలు

వారాంతపు_రైతు
చేవెళ్ల దాటాక పది కిలోమీటర్లలో నాకు ఎకరం ఇరవై గుంటల ఎర్ర చెలక ఉంది. రెండేళ్ల కిందట జూన్‌లో పర్మాకల్చర్ పద్ధతిలో, అంటే అడవిని చూసి రకరకాల చెట్లు, పంటలు కలిపి పెంచే పద్ధతిలో, తోట మొదలుపెట్టాను. అంతకు ముందు రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. నేలను ఒక్కసారి సరిగ్గా తీర్చిదిద్దితే చాలు, మూడో ఏటి నుంచి పని ఉండదు, కోసుకోవడమే అని అక్కడ చెప్పారు. ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

వాలుకు అడ్డంగా జేసీబీతో కందకాలు తీయించాను. 42 రకాలు, 340 మొక్కలు నాటాను. అందులో పనస, అవకాడో, లిచీ కూడా ఉన్నాయి, నవ్వకండి. ఇప్పుడు బతికున్నవి 130 ఉంటాయేమో. నేల ధర కాకుండా ఖర్చు ఆరున్నర లక్షలు. వచ్చింది ఏమిటంటే బుట్టెడు బొప్పాయిలు, అప్పుడప్పుడు మునక్కాయలు, ఏడు కిలోల కందులు.

మా ఆవిడ బొప్పాయి కోసిన ప్రతిసారీ "ఈ ముక్క ఎంత పడింది?" అని అడుగుతోంది. మా నాన్న నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. గట్టు మీద నిలబడి అంతా చూసి, "అడవి పెంచడానికి ఇంత డబ్బు ఎందుకు నాయనా, వదిలేస్తే అదే పెరుగుతుంది" అన్నారు.

తప్పు నాదా, పద్ధతిదా, నేలదా? ఇంకో ఏడాది ఆగితే ఏమైనా మారుతుందా?

ముందు_లెక్క
నాలుగు ప్రశ్నలు. వారానికి ఎన్ని రోజులు అక్కడ ఉంటారు? బోరు ఏప్రిల్‌లో ఎంతసేపు పోస్తుంది? కంచె ఉందా? ఆరున్నర లక్షలు దేనికి ఎంత అయ్యాయి? ఇవి చెప్పకుండా తప్పు ఎవరిదని అడిగితే జాతకం చూసి చెప్పాలి.

చెదపురుగు
పోయిన 210 మొక్కలు నేనే తిన్నాను. అవకాడో మాత్రం అంత రుచిగా లేదు.

వారాంతపు_రైతు
ముందు_లెక్క గారూ, ఆదివారం తప్పకుండా వెళ్తాను, శనివారం వీలుంటేనే. పక్క పొలం ఆయన రోజూ వచ్చి డ్రిప్ వాల్వు తిప్పి వెళ్తారు, నెలకు మూడు వేలు ఇస్తాను. బోరు డిసెంబరు దాకా బాగానే పోస్తుంది. ఏప్రిల్‌లో ఇరవై నిమిషాలు పోసి గాలి కొడుతుంది.

ఖర్చు: కంచె 2,40,000. బోరు, మోటారు 1,30,000. జేసీబీ 50,000. డ్రిప్ 60,000. మొక్కలు 70,000. వాల్వు తిప్పినందుకు రెండేళ్లకు 72,000. మిగతాది ఎరువు, గడ్డి, ఆటో కిరాయిలు.

కొబ్బరాకు
340లో 130 మాత్రమే బతకడం ఏమిటండీ, మా కోనసీమలో పుల్ల గుచ్చి మరిచిపోయినా చిగురు వేస్తుంది. కొబ్బరి కింద కోకో, అరటి, కొబ్బరి మాను మీదికి మిరియం తీగ, నేల మీద కంద, పసుపు. కోకో, మిరియం తర్వాత వచ్చినా, మిగతాదంతా మా తాతల నాటి నుంచీ ఇంతే. దీనికి ఒక ఇంగ్లీషు పేరు ఉందని నాకు నిరుడే తెలిసింది.

ఎర్రచెలక
కొబ్బరాకు గారూ, మీ పెరటికి కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని 1852 నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. చేవెళ్లకు ఏ దొరా పంపడం లేదు.

నవ్వులాటకు అన్నా, అసలు విషయం అక్కడే ఉంది. వారాంతపు_రైతు గారు చూసిన వీడియోల్లో సగం కేరళవి, లేకపోతే ఏడాదిలో ఎనిమిది నెలలు తడి ఉండే దేశాలవి అయి ఉంటాయి. పెద్ద చెట్టు నుంచి నేలలోని దుంప దాకా ఏడు ఎత్తుల్లో పెంచే ఏడు అంతస్తుల తోట అక్కడి అడవికి నకలు. మన చెలకల్లో సహజంగా ఉండే అడవి ఏమిటి? మోదుగ, తుమ్మ, సీతాఫలం, రేగు, వేప. ఎడం ఎడంగా, ముళ్లతో, ఎండాకాలం ఆకు రాల్చేసి నిలబడే అడవి. దానికి నకలు తీస్తే మన తోట కూడా ఎడంగానే ఉంటుంది. ఫోటోలో అందంగా కనిపించదు.

నాది జహీరాబాద్ వైపు మూడెకరాలు, ఇది తొమ్మిదో ఏడు. నా లెక్క ఇదీ. మొదటి ఎండాకాలంలో 60 మామిడి మొక్కలు పోయాయి, 60కి 60. రెండో ఏడు బుద్ధి వచ్చి పండ్ల మొక్కల జోలికి వెళ్లలేదు. జనుము, జీలుగ చల్లి పూత మీద కలియదున్నాను. చుట్టూ పచ్చి ఆకు ఎరువు కోసం గ్లిరిసిడియా చెట్టు కొమ్మలు నాటాను. మూడో ఏడు కంది, ఆముదం వరసలు పెట్టి, వాటి నీడన సీతాఫలం, ఉసిరి, జామ నాటాను. పడమటి ఎండ తగలకుండా ఆముదం చెట్టు అడ్డం ఉంటే మొక్క సగం గట్టెక్కినట్టే. నాలుగో ఏడు దాకా అమ్ముకున్నది ఏమీ లేదు. ఆరో ఏట బయటి నుంచి గడ్డి, ఆకు కొనడం ఆపాను. అప్పటికి గ్లిరిసిడియా కొమ్మలే సరిపోయాయి. ఇప్పుడు ఇంటికి పప్పు, కూరలు, పండ్లు దాదాపు కొనడం లేదు. మిగిలింది అమ్మితే కరెంటు బిల్లు, ఒక మనిషి కూలి వెళ్తాయి. లక్షలు వస్తున్నాయని ఎవరైనా అంటే, తోట మీద వస్తున్నాయా, శిక్షణ ఫీజుల మీద వస్తున్నాయా అని అడగండి.

మూడో ఏటి నుంచి పని ఉండదన్న మాటకు మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. పని తగ్గదు, మారుతుంది. తవ్వడం పోయి కొమ్మలు కొట్టడం వస్తుంది.

అడవిదారి
ఇన్ని మాటలు ఎందుకు? జేసీబీ పెట్టినప్పుడే తప్పు జరిగిపోయింది. నర్సరీ సంచిలో వేరు చుట్టుకుపోయిన మొక్కకు డ్రిప్ పెట్టి బతికించడం ప్రకృతి ఎలా అవుతుంది? విత్తనం నేరుగా నేలలో వేయండి. సీతాఫలం, వేప, చింత, నేరేడు గింజలు తొలకరికి వేస్తే తల్లివేరు తిన్నగా దిగుతుంది. నీళ్లు పోయనవసరం లేదు. బతికినవి మీవి, చచ్చినవి మట్టివి. మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం.

నల్లరేగడి77
అడవిదారి గారు జీతం మీద బతుకుతారా, పంట మీదా? చచ్చినవి మట్టివి అని నేను అంటే నా పిల్లల బడి ఫీజు ఎవరు కడతారు?

నాది తాండూరు పక్కన ఆరెకరాలు, కంది, శనగ. మూడేళ్ల కిందట ఎవరో చెబితే విని ఎకరంలో ఇలాగే కందకాలు తీసి బొప్పాయి, జామ పెట్టాను. నాది నల్లరేగడి. సెప్టెంబరులో మూడు రోజుల ముసురు పట్టింది. కందకంలో నీళ్లు ఇంకలేదు, అలాగే నిలిచాయి. వారంలో బొప్పాయి మొత్తం కుళ్లి పడిపోయింది. శిక్షణలో కందకం బొమ్మ గీశారు కానీ కింద ఏ మట్టి ఉందో గీయలేదు. ఆ ఎకరాన్ని మళ్లీ చదును చేయించి కంది వేశాను. ఇది జీతం ఉన్నవాళ్ల సరదా. సరదా అని ఒప్పుకుంటే ఏ గొడవా లేదు. వ్యవసాయం అని పేరు పెడితేనే బాధ.

ఎర్రచెలక
నల్లరేగడి అన్నా, కందకం విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రేగడిలో నీటిని ఆపే పని పెట్టుకోకూడదు, మెల్లగా బయటికి పంపే పని పెట్టుకోవాలి, మొక్కను ఎత్తు మీద ఉంచాలి. కానీ "సరదా" అన్న మాట ఒప్పుకోను. మన జహీరాబాద్ ప్రాంతంలో ఈ మాట 1980ల చివర్లో, పర్మాకల్చర్‌కు ఆద్యుల్లో ఒకరైన బిల్ మోలిసన్ మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పిన కాలం నుంచీ ఉంది. 2017లో ప్రపంచ పర్మాకల్చర్ సమావేశం ఇక్కడి బిడకన్నె ఊళ్లోనే జరిగింది. ఆ చుట్టుపక్కల వానాధారం చెలకల్లో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుములు ఒకే మడిలో కలిపి వేసే ఆడవాళ్లకు నెల జీతాలు లేవు. ఒకటి పోతే ఇంకొకటి ఇంటికి వస్తుందని అలా వేస్తారు.

నల్లరేగడి77
కలిపి వేయడం మా అమ్మ కూడా చేసింది. దానికి శిక్షణ ఫీజు కట్టలేదు.

చెదపురుగు
ఫీజు కట్టకపోతే ధ్రువపత్రం ఎలా వస్తుంది అన్నా? గోడకు ఏమి తగిలిస్తారు? నేను ఏమి తినాలి?

అనంత_వాన
నీళ్ల లెక్క ఎవరూ వేయలేదు, నేను వేస్తాను. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు నాలుగు వేల లీటర్లు. హైదరాబాద్ వైపు ఏడాదికి 800 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 32 లక్షల లీటర్లు. వినడానికి సముద్రంలా ఉంటుంది. కానీ దాదాపు అంతా జూన్, అక్టోబరు మధ్యనే పడుతుంది. మిగతా ఏడు నెలలు మొక్క ఏమి తాగాలి?

ఎండాకాలంలో చిన్న మొక్కకు రోజుకు పది లీటర్లు అనుకోండి. 340 మొక్కలకు రోజుకు 3,400 లీటర్లు. ఇరవై నిమిషాలు పోసి గాలి కొట్టే బోరు అంత ఇవ్వదు. మీ బోరు మోయగలిగినన్ని మొక్కలే మీకు మిగిలాయి. చచ్చిపోయిన 210 మొక్కలను ఎవరూ చంపలేదు, ఏప్రిల్ నెల లెక్క సరిచేసింది. జూన్‌లో నిండు బోరు చూసి కాదు, ఏప్రిల్‌లో ఎండిన బోరు చూసి మొక్కలు కొనాలి.

మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే పండగ. నేను ఎకరానికి 60 చెట్లు దాటలేదు. మొక్క పక్కన మట్టికుండ పాతి, అడుగున చిన్న చిల్లు పెట్టి ఒత్తి దూర్చి, మూడు రోజులకు ఒకసారి నింపుతాను. మధ్యలో ఖాళీ నేలను ఖాళీగా ఉంచను. ప్రకృతి వ్యవసాయం వాళ్లు మా ఊళ్లో నేర్పిన పద్ధతి ఉంది: వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లడం. విత్తనానికి బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు), మట్టి, బూడిద పట్టించి ఉండల్లా చేస్తారు. నాలుగు చినుకులు పడగానే మొలిచి నేలను కప్పేస్తాయి.

ఇంకో మాట. మీ నాన్నగారు చెప్పింది సగం నిజం. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో చెన్నేకొత్తపల్లి పక్కన టింబక్టు అనే చోటు ఉంది. 1990లో మొదలుపెట్టినప్పుడు అది ఎందుకూ పనికిరాని బీడు. చుట్టూ గుట్టలను మేత నుంచి, నిప్పు నుంచి కాపాడితే నేలలో మిగిలిన పాత వేర్లే లేచి అడవి అయ్యాయి. కానీ కాపాడడం అంటే వదిలేయడం కాదు. ప్రతి ఎండాకాలం నిప్పు కోసం కాపలా కాసే మనిషి కావాలి. ఆదివారం ఒక్కరోజు వస్తే నిప్పు సోమవారం వస్తుంది.

మిద్దెతోట_అక్క
మీరందరూ ఎకరాల్లో మాట్లాడుతున్నారు, నాది 200 గజాల ఇంటి మీద మిద్దె. అయినా చెబుతాను. పర్మాకల్చర్‌లో జోన్లు అని చెప్తారు కదా, రోజూ చూసేది ఇంటి గుమ్మం దగ్గర, ఏడాదికి ఒకసారి చూసేది దూరంగా. మా అమ్మమ్మకు ఆ మాట తెలియదు. అంట్లు తోమిన నీళ్లు పారే చోట అరటి, చేమ. బావి గట్టున కరివేపాకు. పందిరి మీద బీర, పొట్ల. గోడవతల మునగ. పశువుల పాక పక్కన గుమ్మడి. అంతా అడుగుల లెక్క. పొయ్యి మీద పోపు వేసి, వెళ్లి కరివేపాకు తెంపుకుని వచ్చేలోగా ఆవాలు మాడకూడదు, అదే కొలత.

వారాంతపు_రైతు తమ్ముడూ, నీ తోటలో గుమ్మం ఎక్కడుంది? నువ్వు ఉండేది ఊళ్లో, నీ కరివేపాకు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. అందుకే నీ ఎకరంన్నరలో రానిది నా నలభై కుండీల్లో వస్తోంది. తోటకూర, పాలకూర నెలలోపే కోతకు వస్తాయి. ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని పైకి వెళ్తే ఏ ఆకు వెనక పురుగు ఉందో కనిపిస్తుంది. వారానికి ఒకసారి వెళ్లే మనిషికి పురుగు కనిపించదు, కాడ కనిపిస్తుంది.

కొబ్బరాకు
అక్క ఆవాల కొలత మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మ "ఆవిడ ఎవరో తెలిసిన మనిషి" అంది.

ముందు_లెక్క
ఇప్పుడు అసలు లెక్క. కంచె, బోరు, జేసీబీ, డ్రిప్ కలిపి 4,80,000. ఇవి పదిహేనేళ్ల సామాను అనుకుందాం, డ్రిప్ పైపులు ఎలుకలు అంతకాలం ఉంచకపోయినా. ఏడాదికి 32,000 పడుతుంది. దాన్ని రెండేళ్ల బొప్పాయి మీద వేస్తే మీ ఆవిడ అడిగిన ముక్క ధర భయంకరంగానే వస్తుంది. ఇల్లు కట్టిన ఖర్చంతా గృహప్రవేశం భోజనాల మీద రాసినట్టు.

మొక్కల మీద 70,000, అంటే ఒక్కోటి రెండు వందల పైమాటే. 210 పోతే నష్టం సుమారు 43,000. నిజంగా మట్టిలో కలిసింది అదే. దానికి రెండు ఎండాకాలాలు కలపండి. మీ బాధ ఆరున్నర లక్షలది కాదు, 43 వేలది. కాస్త నిద్ర పడుతుంది.

అయితే ఆ రెండు రోజుల శిక్షణ ఫీజు ఎంతో మీరు రాయలేదు. కావాలనే వదిలేశారా?

వారాంతపు_రైతు
కావాలనే వదిలేశాను. మా ఆవిడ కూడా ఇక్కడ చదువుతుంది.

అడవిదారి
లెక్కలు వేసేవాళ్లు బ్యాంకు పెట్టుకోవాలి, తోట కాదు.

నల్లరేగడి77
లెక్కలు వేయని రైతుల గతి ఏమిటో బ్యాంకువాళ్లను అడగండి, చెబుతారు.

చెదపురుగు
సభ్యులు శాంతించాలి. నా మీద అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు.

వారాంతపు_రైతు
నేను అడుగుతాను. గడ్డి మందంగా కప్పమన్నారు, కప్పాను. దాని కిందే చెదలు పట్టి మామిడి మొదళ్లు చుట్టూ కొరికేశాయి. కప్పకపోతే ఎండ చంపుతుంది, కప్పితే చెద చంపుతుంది. ఏమి చేయాలి?

ఎర్రచెలక
మొదలుకు జానెడు దూరం వదిలి కప్పండి. అందరూ మొక్క మెడకు మఫ్లరు చుట్టినట్టు చుడతారు, అక్కడే వస్తుంది తంటా. చెదకు ఎండు పుల్ల, ఎండు గడ్డి ఇష్టం. పచ్చిగా, బలంగా ఉన్న మొక్క జోలికి అది మామూలుగా రాదు, నీళ్లు లేక వాడిన మొక్కను ముందు పట్టుకుంటుంది. కాబట్టి ఇది కూడా ఏప్రిల్ లెక్కే. చెద ఉండటం నేలకు మంచిదే, ఎండుటాకును మట్టి చేసేది మన దగ్గర వానపాము కంటే ఎక్కువగా చెదే. మన ఎండకు కప్పిన గడ్డి ఏడాదిలో మాయమవుతుంది. చలి దేశాల వీడియోల్లో చూపించినట్టు ఒకసారి కప్పి కూర్చుంటే కుదరదు, ప్రతి ఏడూ కప్పాలి. ఆ గడ్డి మీ తోటలోనే పెరగాలి, లేకపోతే ఆటో కిరాయిలు తగ్గవు.

చెదపురుగు
ఎర్రచెలక గారు నా గురించి మంచి మాట చెప్పారు. ఈ వేదికలో మొదటిసారి. కళ్లు చెమర్చాయి.

నల్లరేగడి77
చెద కంటే కోతులను అడగండి. మా ఊళ్లో జామ పెట్టడం మానేశారు. గుంపు ఒక్కసారి దిగితే పచ్చి పిందెలు కూడా కొరికి పారేస్తాయి. కంద, చిలగడదుంప పెడితే అడవి పందులు. ఆ 2,40,000 కంచె కోతిని ఆపుతుందా? తోట పటంలో కోతికి ఏ జోన్ ఇచ్చారు?

డాలస్_కరివేపాకు
అమెరికాలో ఉన్నాను. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలికి ఆరేళ్ల కరివేపాకు చెట్టు ఒక్క వారంలో పోయింది, అప్పటి నుంచి కొత్త మొక్కను కుండీలో పెట్టి లోపలికి, బయటికి మోస్తున్నాను. నా సంగతి వదిలేయండి. ఖమ్మం దగ్గర మా నాన్నగారి రెండెకరాలు ఖాళీగా ఉన్నాయి. ఇక్కడి నుంచే ఫోనులో చూసుకుంటూ ఇలాంటి తోట పెట్టవచ్చా? కెమెరాలు పెట్టిస్తాను.

మిద్దెతోట_అక్క
వద్దు.

నల్లరేగడి77
వద్దు తమ్ముడూ.

అడవిదారి
వద్దు. (నల్లరేగడి గారితో ఏకీభవించిన రోజు ఇది, రాసి పెట్టుకోండి.)

అనంత_వాన
కెమెరాలో కోతులు స్పష్టంగా కనిపిస్తాయి. అంతకు మించి ఏమీ జరగదు. పక్కవాళ్లకు కౌలుకు ఇచ్చి గట్ల మీద చింత, నేరేడు, వేప నాటించండి. మీరు పదవీ విరమణ చేసి వచ్చేసరికి నీడ ఉంటుంది.

ఎర్రచెలక
వారాంతపు_రైతు గారూ, ఒక పని చేయండి. వచ్చే ఆదివారం తోట అంతా తిరిగి, ఏ రకం ఎన్ని నాటితే ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఉజ్జాయింపుగా కాదు, ఒక్కొక్కటీ చూసి. శిక్షణలో ఇచ్చిన పటం పక్కన పడేసి ఆ జాబితా ముందు పెట్టుకోండి. మీ నేల రెండేళ్లు ఆలోచించి ఇచ్చిన జవాబు అది.

వారాంతపు_రైతు
తిరిగాను. నాన్నను కూడా తీసుకువెళ్లాను, ఆయన చూసి చెబుతుంటే నేను రాశాను. మూడు గంటలు పట్టింది.

గ్లిరిసిడియా 60లో 51. సీతాఫలం 30లో 28. మునగ 25లో 17. జామ 20లో 9. ఉసిరి 10లో 7. బొప్పాయి 40లో 6. నేరేడు 6లో 5. నిమ్మ 12లో 4. మామిడి 15లో 4. కరివేపాకు 10లో 4. అవకాడో 8, లిచీ 4, రెండింటిలోనూ సున్నా. మిగతా ముప్పై రకాలు మూడేసి, నాలుగేసి చొప్పున నాటినవి 100. వాటిలో రెండే ఉన్నాయి. అవి ఏమిటో తెలియదు, చీటీల మీద రాత ఎండకు చెరిగిపోయింది. నాన్న ఆకు నలిపి వాసన చూసి ఒకటి మారేడు అన్నారు. ఆయనకు తెలియని చెట్టు ఇంకొకటి ఉందంటే నాకు కాస్త గర్వంగానే ఉంది.

మొత్తం 137.

ఇక కొత్త పండ్ల మొక్క కొనను. షెడ్డు చుట్టూ పది గుంటల్లో మాత్రం నీళ్లు, కూరలు. మిగతా యాభై గుంటల్లో తొలకరికి ముందు నవధాన్యాలు, తర్వాత కంది, జొన్న, మధ్యలో అనుములు. కోతుల సంగతి నాకు ఇంకా తెలియదు. నాన్న నెలకు పది రోజులు అక్కడే ఉంటానంటున్నారు, షెడ్డులో ఫ్యాను పెట్టించాలని షరతు. మా ఆవిడ ఫ్యాను కూడా బొప్పాయి ఖాతాలోనే రాయమంది.

కందికి, జొన్నకు సాళ్ల లెక్క ఎలా పెట్టాలి?

నల్లరేగడి77
నాలుగు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. జొన్న దసరా తర్వాత కోతకు వస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది. గింజ కిందటి పంటదే, మొలక చూసి వేయండి. విత్తనాలు లేకపోతే చెప్పండి, తాండూరు కంది నాలుగు కిలోలు ఇస్తాను. ఫీజు లేదు.

చెదపురుగు
340లో బతికిన 137 తీసేస్తే పోయినవి 203. మొదటి రోజు 210 తిన్నానని నేనే ఒప్పుకున్నాను. చేయని ఏడు మొక్కల నేరం ఇన్ని రోజులు మోశాను. ముందు_లెక్క గారు దయచేసి ఖాతా సరిచేయాలి.